కటా మొదట్లో చేసే వందనం ఉత్త మర్యాదేనా, లోపల టెక్నిక్ ఏమైనా ఉందా?

బెజవాడ_బ్రౌన్:

అందరికీ నమస్తే. నేను షోటోకాన్ శైలి కరాటే చేస్తాను, ప్రస్తుతం బ్రౌన్ బెల్ట్. వచ్చే గ్రేడింగ్‌కి (బెల్ట్ పరీక్షకి) నాకు జియోన్ అనే కటా (ఒక్కరే చేసే కదలికల వరస) పడింది. దాని మొదట్లో పాదాలు రెండూ కలిపి నిలబడి, కుడి పిడికిలిని ఎడమ అరచేత్తో కప్పి గడ్డం ముందు పట్టుకుంటాం కదా, నా డౌట్ దాని మీదే.

మా డోజోలో (కరాటే బడిలో) ఇద్దరు సీనియర్లు ఉన్నారు. ఒకాయనేమో "అది చైనావాళ్ల దండం. అంతకు మించి ఏం లేదు, పీకి పాకం పెట్టకు" అంటారు. రెండో ఆయన "కటాలో ఉత్తినే పెట్టిన కదలిక ఒక్కటీ ఉండదు, ఎవడైనా చెయ్యి పట్టుకుంటే విడిపించుకునే ఉపాయం అది" అంటారు. ఇద్దరూ బ్లాక్ బెల్టులే, ఇద్దరూ గట్టిగానే చెబుతారు. గ్రేడింగ్‌లో ఎగ్జామినర్ దీని బుంకాయ్ (ఈ కదలిక పోరాటంలో దేనికి పనికొస్తుందో) అడిగితే ఎటు మొగ్గాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జిట్టే, జిఇన్ అనే కటాలు కూడా ఇలాగే మొదలవుతాయి. బస్సాయ్ దాయ్‌లో అదే కప్పిన పిడికిలి పొత్తికడుపు దగ్గర ఉంటుంది. కాంకూ దాయ్‌లో అయితే రెండు చేతులూ తల మీదికి లేపి ఆకాశం చూస్తాం. ఇవన్నీ అలంకారమేనా? మీ స్టైల్స్‌లో ఏం నేర్పుతారో చెప్పండి.

గోజు_గోదావరి:

మాది గోజు ర్యూ. మాకు అరచేతులు రెండూ తెరిచి, ఎడమది కుడిదాని మీద వేసి, సరిగ్గా తొడల మధ్య అడ్డం పెట్టుకుని మొదలు. ఎందుకని చిన్నప్పుడు మా సెన్సేని (గురువుని) అడిగితే "అక్కడ ఒక తన్ను తగిలితే నీకే తెలుస్తుంది" అన్నారు. మాకు చెప్పిన బుంకాయ్ అదొక్కటే.

పాత_డోజో:

బ్రౌన్ గారూ, మీ సీనియర్లిద్దరూ రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టి వాదించుకుంటున్నారని నాకనిపిస్తోంది.

కటా మొదట్లో రెండు పనులు జరుగుతాయి. ముందు అటెన్షన్‌లో నిలబడి నడుం వంచుతారు. అది రే. తర్వాత కటా పేరు గట్టిగా చెప్పి, చేతుల్ని ఆ కటాకి ఉన్న స్థానంలోకి తెస్తారు. అది యోయ్. రే అన్నిటికీ ఒకటే. హెయాన్ షోదాన్ చేసే పిల్లాడూ, కాంకూ దాయ్ చేసే బ్లాక్ బెల్టూ ఒకేలా వంగుతారు. యోయ్ మాత్రం కటాని బట్టి మారిపోతుంది. అందరికీ ఒకేలా ఉండే రేలో టెక్నిక్ వెతకడం దండగ. కటా కటాకీ మారే యోయ్‌లో వెతకడానికి మాత్రం కారణం ఉంది.

రే ఇప్పుడున్న రూపానికి బడి ఒక కారణం, టోక్యో ఇంకో కారణం. కరాటే పుట్టిన ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే గురువు 1900ల తొలి ఏళ్లలో కరాటేని బడిపిల్లల డ్రిల్లుగా మలిచారు. వరసల్లో నిలబెట్టి, కమాండ్ ఇస్తే అందరూ ఒకేసారి కదిలే పద్ధతి అక్కడే బలపడింది. 1922లో షోటోకాన్ మూలపురుషుడు ఫునాకోషి గిచిన్ టోక్యోలో ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయాక, జూడో, కెండో (కత్తి విద్య)ల సరసన నిలబడాలంటే వాళ్ల పద్ధతులు కరాటేకీ కావాల్సి వచ్చాయి. మనం వేసుకునే తెల్ల డ్రెస్సు, కట్టుకునే బెల్టు కూడా జూడో నుంచి తెచ్చుకున్నవే. కరాటే వందనంతో మొదలై వందనంతో ముగుస్తుందన్నది ఫునాకోషి 20 సూత్రాల్లో మొట్టమొదటిది.

జియోన్‌లో ఉన్న కప్పిన పిడికిలి మాత్రం చైనా సొత్తు. అక్కడ కుంగ్‌ఫూ బళ్లలోనే కాదు, కొత్త సంవత్సరం రోజు మామూలు జనం కూడా అలాగే పలకరించుకుంటారు. జియోన్ అనేది బౌద్ధ ఆలయాలకు ఉన్న పేరు. కాబట్టి "అది దండం" అన్న సీనియర్ మాట మూలం వరకు నిజం. అయితే ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరు, దాన్ని దేనికి వాడుకోవచ్చన్నది వేరు. మూలం దండమైనంత మాత్రాన వాడుక ఉండకూడదని రూలేం లేదు.

లెక్కల_మాస్టారు:

> మూలం దండమైనంత మాత్రాన వాడుక ఉండకూడదని రూలేం లేదు.

ఇదే నాకు మింగుడుపడదు సార్. రెండు చేతులు ఏ భంగిమలో పెట్టినా తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే నాలుగు టెక్నిక్‌లు పుట్టించవచ్చు. మబ్బుల్లో ఏనుగు కనిపించినట్టే ఇదీ. జియోన్ మొదటి భంగిమకి ఒకరు మణికట్టు విడుపు అంటారు, ఒకరు చోక్ (గొంతు నొక్కడం) అంటారు, ఇంకొకరు మోచేతి దెబ్బ అంటారు. ఒకే భంగిమకి ఇన్ని అర్థాలు వస్తున్నాయంటే అసలు దాంట్లో ఏ అర్థమూ పెట్టలేదనే కదా?

పాత_డోజో:

పెట్టారని నేను రుజువు చేయలేను మాస్టారూ. ఆ కటాలు కట్టినవాళ్లు ఏ కదలిక దేనికో కాగితం మీద రాసి పెట్టి పోలేదు. నా పరీక్ష మాత్రం చిన్నది. ఎదుటివాడు సహకరించకుండా గట్టిగా పట్టుకుంటే అది పనిచేస్తుందా? ఆ వెంటనే కటాలో వచ్చే కదలిక దానికి అతుకుతుందా? ఈ రెండూ కుదిరితే నేర్చుకోవడానికి అది నాకు చాలు. మీరు చెప్పిన చోక్, మోచేతి దెబ్బ రెండో పరీక్షలో పోతాయి, ఎందుకంటే జియోన్‌లో తర్వాతి అడుగు వెనక్కి పడుతుంది.

బెజవాడ_బ్రౌన్:

సార్, ఆ మణికట్టు విడుపు ఎలాగో కాస్త విడమరిచి చెప్తారా? మా సీనియర్ గారు చేసి చూపిస్తే చాలా ఫాస్ట్‌గా అయిపోయింది, నాకు ఏమీ పట్టుబడలేదు.

డల్లాస్_డోజో:

నేను చెప్తాను, ఇక్కడ మా క్లాసులో తరచూ చేయిస్తుంటాను.

ఎదుటివాడు మీ కుడి మణికట్టుని తన రెండు చేతులతో పట్టుకున్నాడు అనుకోండి. ఒక్క చేత్తో పట్టుకుంటే మెలితిప్పి లాగేయొచ్చు. రెండు చేతులైతే ఒక్క చెయ్యి బలం సరిపోదు. మీ కుడి పిడికిలి బిగించండి. ఎడమ చేతిని వాడి రెండు చేతుల మధ్య ఖాళీలోంచి పైనుంచి దూర్చి మీ పిడికిలినే మీరు కప్పి పట్టుకోండి. ఇప్పుడు మోచేతిని వాడి వైపు కాస్త తోస్తూ పిడికిలిని మీ గడ్డం దాకా పైకి లాగండి. ఎక్కడ ఆగుతుందో చూసుకోండి: కుడి పిడికిలి, దాని మీద ఎడమ అరచెయ్యి, గడ్డం ముందు. అచ్చం జియోన్ యోయ్.

పట్టు ఎప్పుడూ బొటనవేళ్ల వైపే బలహీనం. వాడి బొటనవేళ్లు సాధారణంగా పైకి ఉంటాయి కాబట్టి మీరూ పైకే లాగాలి. చేతులతోనే లాగితే రాదు. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒళ్లంతా లేస్తూ లాగాలి. చాలామంది భుజాలు బిగబట్టి కేవలం చేతి బలంతో గింజుకుంటారు, అక్కడే ఆగిపోతారు.

ఇక జియోన్ మొదటి కదలిక చూడండి. ఎడమ కాలు వెనక్కి వేసి, ఎడమ చెయ్యి కిందికి, కుడి ముంజేయి బయటికి. పట్టు సగం వదిలినప్పుడు ఈ వెనకడుగే మిగతా సగం వదిలిస్తుంది. కింది చెయ్యి వాడి చేతిని తనతో లాక్కుపోతుంది, కుడి ముంజేయి మెడ మీదో దవడ మీదో పడుతుంది. పాత_డోజో గారు అన్న రెండో పరీక్ష ఇదే.

లెక్కల_మాస్టారు:

ఆ విడుపు పనిచేస్తుందని ఒప్పుకుంటాను, నేనూ చేశాను. కానీ మహిళల ఆత్మరక్షణ క్లాసుల్లో కటా ఊసే లేకుండా అర గంటలో నేర్పేది కూడా అదే. జియోన్ తెలియనివాళ్లకీ తెలిసిన టెక్నిక్‌ని జియోన్‌లో దాచి పెట్టారంటే ఎలా?

డల్లాస్_డోజో:

దాచారని నేననలేదండీ. అందరికీ తెలిసినదే గుర్తుండడానికి కటా మొదట్లో పెట్టి ఉండొచ్చు కదా.

కూకట్‌పల్లి_అమ్మ:

నేను, మా పాప ఒకే డోజోలో చేస్తాం. దానిది ఎల్లో, నాది గ్రీన్. టెక్నికల్‌గా చెప్పేంత అనుభవం లేదు కానీ ఒకటి చెబుతా.

ఒక రోజు సాయంత్రం పార్కింగ్ దగ్గర ఒకాయనకీ మాకూ బండి తగిలిందన్న గొడవ. ఆయన అరుస్తూ మీద మీదికి వస్తున్నాడు. నేను అలవాటుగా రెండు చేతులూ జోడించి "అన్నా, ఒక్క నిమిషం ఆగండి, మాట్లాడుకుందాం" అన్నాను. ఆ జోడించిన చేతులు ఛాతీ ఎత్తులో, మోచేతులు పక్కటెముకలకి ఆనుకుని, ఒక కాలు అర అడుగు వెనక్కి ఉన్నాయి. ప్లాన్ చేసి పెట్టలేదు, అలా వచ్చేసింది. ఆయన చున్నీ పట్టుకోబోతే నా ముంజేతులు అప్పటికే ఆయన చేతుల మధ్యలో ఉన్నాయి. రెండు పక్కలకీ విడదీశాను, ఆయన చేతులు ఎగిరిపోయాయి. అంతే, పక్కకి జరిగి పాపని తీసుకుని వచ్చేశాను.

ఇంకో లాభం తర్వాత అర్థమైంది. చుట్టూ చూస్తున్న జనానికి కనిపించింది చేతులు జోడించి బతిమాలుతున్న ఆడమనిషి, అరుస్తున్న మగమనిషి. ఇద్దరు కుర్రాళ్లు వెంటనే నా వైపు వచ్చి నిలబడ్డారు. నేను గార్డ్‌లో పిడికిళ్లు బిగించి నిలబడి ఉంటే "ఇద్దరూ కొట్టుకుంటున్నారు" అని చోద్యం చూసేవాళ్లు.

పాత_డోజో:

అమ్మ గారూ, ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చిన వాటిలో అసలైన ప్రయోగం మీదే. చేతులు ఎదుటివాడికీ మీకూ మధ్యలో ఉండాలి, చూడ్డానికి మాత్రం కొట్లాటలా ఉండకూడదు. జియోన్ యోయ్‌లో చేతులున్నదీ దాదాపు అక్కడే. అది చూసి "ఇతను రెడీగా ఉన్నాడు" అని ఎవడూ అనుకోడు.

విశాఖ_జూడో:

మోకాళ్ల మీద కూర్చుని చేసే వందనం గురించి ఎవరూ మాట్లాడట్లేదు, కాబట్టి జూడో తరఫున. కూర్చునేటప్పుడు ఎడమ మోకాలు ముందు కింద పెట్టాలి, లేచేటప్పుడు కుడి పాదం ముందు లేవాలి. కొత్తవాళ్లు దీన్ని గుడ్డిగా బట్టీ పడతారు. కత్తి ఎడమ నడుముకి ఉంటుంది, తీసేది కుడి చేత్తో, కుడి కాలు ముందుకేస్తూ. కాబట్టి సగం కూర్చున్న స్థితిలోనూ సగం లేచిన స్థితిలోనూ కుడి కాలు ఖాళీగా ఉండాలి. ఇయాయ్‌దో (కత్తి దూసే విద్య) వాళ్లు చేతుల విషయంలో కూడా దీన్ని పాటిస్తారు. వంగేటప్పుడు ఎడమ చెయ్యి ముందు నేలకి ఆనిస్తారు, లేచేటప్పుడు కుడి చెయ్యి ముందు తీస్తారు. జూడోలో మాత్రం రెండు చేతులూ కలిపే జారుస్తాం.

1882లో జూడో స్థాపకుడు కనో జిగోరో తన బడి కొడోకన్ పెట్టేనాటికే సమురాయ్‌లు కత్తి కట్టుకుని తిరగడం నిషేధమైపోయింది. అయినా కాళ్ల వరస మాత్రం ఇప్పటిదాకా వచ్చేసింది. ఇవాళ జూడో మ్యాట్ మీద దానికి వాడుక సున్నా. కాబట్టి నేను లెక్కల మాస్టారి పార్టీ. ప్రతిదానికీ ఇవాళ్టి ఉపయోగం వెతకక్కర్లేదు.

గోజు_గోదావరి:

మరి వంగేటప్పుడు కళ్లు? మా దగ్గర "ఎదుటివాడి మీంచి చూపు తీయకు, వంగినా కళ్లు పైకే ఉండాలి" అంటారు. ఒక జపాన్ సెన్సే సెమినార్‌కి వెళ్తే అలా చూసినందుకు చీవాట్లు పెట్టారు.

విశాఖ_జూడో:

చీవాట్లు తప్పవు మరి. తల ఎత్తి ఎదుటివాణ్ని గుడ్లప్పగించి చూస్తూ వంగితే అది "నిన్ను నమ్మను" అని మొహం మీద చెప్పడమే. వీపు, మెడ ఒకే వరసలో ఉండి సుమారు 30 డిగ్రీలు వంగాలి, చూపు ఒంటితో పాటే కిందికి దిగుతుంది. సేఫ్టీ చూసుకునేది దూరం. జూడోలో నాగే నో కటా అనే జోడీ కటాలో ఇద్దరూ దాదాపు 6 మీటర్ల ఎడంలో నిలబడి వంగుతారు. అంత దూరం నుంచి ఎవడైనా దూకినా మీరు నడుం ఎత్తేంత టైమ్ ఉంటుంది. దగ్గరగా నిలబడి వంగాల్సొస్తే అక్కడ తప్పు కళ్లది కాదు, నిలబడ్డ చోటుది.

పాత_డోజో:

నూటికి నూరుపాళ్లు. కొత్తవాళ్లకి నేను రే నేర్పేటప్పుడు దూరమే చూపిస్తాను. ఎదుటివాడు చెయ్యి చాచినా, ఒక అడుగు వేసి చాచినా తగలని దూరంలో ఆగి వంగమంటాను. పార్ట్‌నర్ పొడుగు, పొట్టి మారినప్పుడల్లా ఆ దూరం కంటికి అలవాటవుతుంది. కుమితేలో (ఎదుటివాడితో పోరులో) పనికొచ్చేది అదే.

గరిడీ_కుర్రోడు:

కరాటే రాదు, కర్రసాము మాత్రం తెలుసు. మా ఊళ్లో పండగలకి ఆడతాం. బరిలోకి దిగేముందు నేలకి దండం పెట్టి, కర్రని కళ్లకద్దుకుని, నాలుగు దిక్కులా తిప్పుతూ ఒక చుట్టు చుడతాం. చూసేవాళ్లకి అది భక్తి. మా గురువు గారికి మాత్రం అందులో వేరే పని కూడా ఉండేది. ఆ చుట్టుతో జనం వెనక్కి జరుగుతారు. పిల్లలు ఎంత దగ్గరగా ఉన్నారో, పైన కరెంటు తీగ ఎక్కడుందో, కాలి కింద గుంట ఎక్కడుందో ఆటగాడికి తెలుస్తుంది. ఈ చుట్టు సరిగా తిప్పనివాడికి గురువు గారు తర్వాతి వరస చెప్పేవారు కాదు.

ముయే_థాయ్_మణికొండ:

అచ్చం మా ముయే థాయ్ (థాయ్ బాక్సింగ్) వాయ్ క్రూ. ఫైట్‌కి ముందు తలకి మోంగ్‌ఖోన్ అనే పట్టీ కట్టుకుని, తాళ్ల వెంబడే రింగ్ అంతా తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని గురువుకి మొక్కుతారు. రింగ్ చుట్టూ తిరిగేటప్పుడే కాన్వాస్ ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ జారుతోంది అన్నది పాదాలకి తెలిసిపోతుంది. పైగా తుంటి కీళ్లు వదులవుతాయి. మోంగ్‌ఖోన్ తీసేసేసరికి ఒళ్లు వెచ్చబడి ఉంటుంది.

కొచ్చి_తెలుగోడు:

ఉద్యోగం కేరళలో, కాబట్టి కలరి (అక్కడి యుద్ధవిద్య కలరిపయట్టు నేర్పే చోటు) గురించి రెండు ముక్కలు. కలరి నేలమట్టం కన్నా కిందికి తవ్వి ఉంటుంది, 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు అనేది పాత కొలత. కుడి కాలు ముందు పెట్టి దిగి, నేల తాకి నుదుటికి అద్దుకుంటారు. తర్వాత నైరుతి మూల ఏడు మెట్ల పూత్తరకి (పూజా పీఠానికి) మొక్కుతారు. ఇదంతా పూజే. కానీ మెయ్‌తారిలో (ఒంటి కసరత్తు దశలో) చేసే వణక్కం వరస ఉందే, అది వేరు. అందులో నేలబారుగా కూర్చోవడం, లేవడం, తిరగడం అన్నీ వస్తాయి. తొడలు మండిపోతాయి. తర్వాత కర్ర పట్టుకున్నా కత్తి పట్టుకున్నా అడుగులు దిగేది ఆ ఒదుగు మీదనుంచే. 2017లో పద్మశ్రీ అందుకున్న కలరి గురువు మీనాక్షి అమ్మ గారు చీర కట్టి ఆ వయసులో ఎంత కిందికి దిగుతారో వీడియోల్లో చూడండి.

వరంగల్_వింగ్‌చున్:

మా వింగ్‌చున్ కుంగ్‌ఫూలో సియు నిమ్ తావ్ అనే వరస మొదట్లో ముంజేతులు రెండూ కింద ఒకసారి, పైన ఒకసారి అడ్డంగా దాటిస్తాం. బయటివాళ్లు సెల్యూట్ అనుకుంటారు. సెంటర్‌లైన్ (ఒంటి నడిమి గీత) ఎక్కడుందో ప్రతిసారీ ఒళ్లుకి గుర్తు చేయడం దాని పని. చేతులు దాటే ఆ గీత మీదే మా దెబ్బలన్నీ నడుస్తాయి. దాన్నే రెండు చేతుల విడుపుగా చూపించే గురువులూ ఉన్నారు.

లెక్కల_మాస్టారు:

బాగుంది. మరి కాంకూ దాయ్ సంగతి ఎవరూ తేల్చలేదు. చేతులు త్రికోణంలా పెట్టి నెమ్మదిగా తలపైకి లేపి, ఫట్‌మని విడదీసి, పెద్ద చుట్టు తిప్పి కిందికి తెచ్చి ఒక చేతి అంచుని రెండో అరచేతిలో వేస్తాం. "కాలర్ రెండు చేతులతో పట్టుకుంటే లోపల్నుంచి చేతులు దూర్చి విడగొట్టడం" అంటారు. నేను మా తమ్ముడి మీద ట్రై చేశాను. వాడు జిమ్ చేస్తాడు. కదిలితే ఒట్టు.

డల్లాస్_డోజో:

చేతుల బలం మీద ఆధారపడితే కదలడు. లోపలికి చేతులు దూరుస్తూనే ఒక అడుగు పక్కకి తీసి, మోకాలితోనో మడమతోనో వాడి ధ్యాస కిందికి లాగాలి. అవేవీ ఆ చోట కటాలో లేవు. కాబట్టి నా వరకు కాంకూ మొదలు ప్రయోగంగా బలహీనమైనది. ఆ కటా 18వ శతాబ్దంలో ఒకినావాకి వచ్చిన కూషాంకూ అనే చైనా మనిషి పేరుతో వచ్చింది. కాంకూ అని మార్చింది ఫునాకోషి. క్యోకుషిన్ అనే కరాటే శైలి వాళ్ల గుర్తు ఆ ఎత్తిన చేతుల ఆకారమే. అంత గొప్ప ఆకారం కదా అని దానికి గొప్ప బుంకాయ్ ఉండాలని లేదు.

లెక్కల_మాస్టారు:

ఇలా ఒప్పుకునే కరాటే మాస్టర్ని ఇన్నాళ్లకి చూశాను సార్.

పాత_డోజో:

బ్రౌన్ గారూ, మీ గ్రేడింగ్ సంగతి మర్చిపోయాం. ఎగ్జామినర్ అడిగితే "ఇది చైనా పద్ధతి వందనం, మా డోజోలో దీన్ని ఇలా కూడా వాడతాం" అని చెప్పి పార్ట్‌నర్‌ని పట్టుకోమని చేసి చూపించండి. "అసలు అర్థం ఇదే" అని మాత్రం అనకండి, అక్కడే ఎగ్జామినర్లు దొరకబుచ్చుకుంటారు. రే విషయంలో తేలిక చేయొద్దు. డబ్ల్యూకేఎఫ్ (ప్రపంచ కరాటే సమాఖ్య) పోటీల్లో మొదట, చివర వంగకపోవడం డిస్‌క్వాలిఫై చేసే కారణాల్లో ఒకటి. గ్రేడింగ్‌లో అంత దాకా రాకపోయినా, హడావిడిగా తల ఊపేసి కటా మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకే ఒళ్లు మండుతుంది.

బెజవాడ_బ్రౌన్:

అందరికీ థ్యాంక్స్. నిన్న క్లాసు అయ్యాక సీనియర్లిద్దర్నీ ఒప్పించి ట్రై చేశాం. దండం అనే ఆయన మంచి దిట్టమైన మనిషి, ఆయన్నే నా మణికట్టు పట్టుకోమన్నాను. పిడికిలి కప్పి పైకి లాగితే సగమే వచ్చింది. ఎడమ కాలు వెనక్కి వేయగానే ఊడిపోయింది. ఆయన తన బొటనవేలు రుద్దుకుంటూ "పనిచేస్తే చేసింది గానీ, ఇది దండమే" అన్నారు. రెండో ఆయన నవ్వుతూ "ఇంకోసారి పట్టుకో" అన్నారు. ఒక్క డౌట్ మిగిలింది. కటాలో పిడికిలి గడ్డానికి ఎంత దూరంలో ఉండాలి? నాది దాదాపు ముక్కుకి తగులుతోందట.

డల్లాస్_డోజో:

గడ్డానికి ఒక పిడికిలి దూరం, ఎత్తు గడ్డం దగ్గరే, మోచేతులు కిందికి. ముక్కు దాకా వెళ్తోందంటే మోచేతులు పక్కలకి లేస్తున్నాయి, ఒక సైడ్ వీడియో తీసి పెట్టండి చూద్దాం.